గోడకి చక్రాలు

"ఇంటికి నడిమధ్య గోడ కట్టాలి సార్. ఈ చివర నుంచి ఆ చివరిదాకా," అన్నాడు ఇంటాయన.

"కప్పుదాకా," అంది ఇంటావిడ.

ఆర్కిటెక్టుకి గుండె ఆగినంత పనయింది. ఆయన పేరు మోగిందే గోడల్లేని ఇళ్ళతో. వంటిల్లు, పడకగది, హాలు అన్నీ ఒకటే గది. స్నానాలగదికి ఒక అద్దం అడ్డం పెట్టేవాడు, అదీ అధికారులు పట్టుబట్టారు గనక. "గోడలే మనుషుల్ని విడదీస్తాయి" అన్న ముక్క ఆయన చెప్పని సభ లేదు. ఆయనకి బహుమతి తెచ్చిపెట్టింది సరిగ్గా ఈ ఇల్లే.

"ఏమయిందమ్మా?" అన్నాడు నీరసంగా.

"ఈయన గురక. ఆ మూల మొదలైతే ఈ మూల నేను లేచి కూర్చోవాలి. పైగా కోపమొచ్చి తలుపు ధడాలున వేద్దామంటే తలుపేదీ?"

"ఆవిడ ఫోను," అందుకున్నాడు ఇంటాయన. "వాళ్ళక్కతో నా గురించి నా ఎదురుగానే చెప్పేది సార్. వినకూడదని చెవులు మూసుకుంటే, 'చూశావా, చెవులు మూసుకున్నాడు' అని అదీ చెప్పేది."

ఆర్కిటెక్టు చుట్టూ చూశాడు. పొయ్యి మీద దుమ్ము పేరుకుంది. వాకిట్లో రెండు కార్లు, చెరో దిక్కుకి మొహం పెట్టి ఉన్నాయి. ఇద్దరూ కొత్తవాళ్ళలా ఒకరినొకరు 'మీరు' అనుకుంటున్నారు. వ్యవహారం ఇంతదాకా వచ్చిందన్నమాట!

"ఎప్పటికి కావాలి?"

"గురువారంలోగా. ఆ రోజు ఆఫీసులో సంతకాలు," అన్నాడు ఇంటాయన.

"గోడ లేస్తేనే నా సంతకం. ముందే చెప్పేశాను," అంది ఇంటావిడ. "మీరు సాక్షిగా రావాలి సార్. ఈ ఇల్లు కట్టింది మీరే కదా."

ఆర్కిటెక్టు కుమిలిపోయాడు. అటు ఇల్లు, ఇటు కాపురం. రెండూ తన చేతుల మీదుగానే ముక్కలవ్వాలా? ఎలాగైనా ఆపి తీరాలనుకున్నాడు.

ముందు తెర కడదామన్నాడు. గురక తెరకి ఆగదన్నారు. పోనీ అద్దం గోడ అన్నాడు. మొహం చూడబుద్ధి కానప్పుడు ఎలా అన్నారు. నేల మీద దీపాల గీత గీస్తాను, ఎవరు దాటినా ఎర్రగా వెలుగుతుందన్నాడు.

"నేనేమన్నా రైలు గేటునా?" అన్నాడు ఇంటాయన.

చివరికి ఆర్కిటెక్టు ఒక ఎత్తు వేశాడు. లోపల దూది కూరిన మందపాటి గోడ, రెండువైపులా పుస్తకాల అరలు. చూడ్డానికి కోటగోడే. అడుగున మాత్రం, ఎవరికీ కనపడకుండా, చక్రాలు. ఎప్పటికైనా మనసు మారితే ఒక్క తోపు తోస్తే చాలు, మూలకి పోతుంది. గోడల లోకంలోనే ఇలాంటిది పుట్టలేదని తన భుజం తానే తట్టుకున్నాడు.

బుధవారానికి గోడ నిలబడింది. ఇంటావిడ మురిసిపోతూ దానికి చెయ్యి ఆనించింది. గోడ బెత్తెడు జరిగింది. ఆవిడ మొహం పాలిపోయింది.

"చక్రాలా!"

"ఎందుకైనా మంచిదని..." నసిగాడు ఆర్కిటెక్టు.

"చక్రాలుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది సార్," అన్నాడు ఇంటాయన. "పీకించెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

ఒక్కో చక్రం ఊడుతుంటే ఆర్కిటెక్టుకి కళ్ళనీళ్ళ పర్యంతమయింది. ఇంకేమైనా మిగిలిందా అని అడిగాడు.

"గోడకి ఒక తలుపు. వేస్తే ఇల్లదిరిపోవాలి," అంది ఇంటావిడ.

పెట్టించాడు. ఆవిడ అటు వెళ్ళి ధడాలున వేసింది. అరల్లో పుస్తకాలు రెండు కింద పడ్డాయి.

"అద్భుతం! ఇంకోసారి వెయ్యండి!" అని ఇటునుంచి కేకేశాడు ఇంటాయన.

ఇంత కసి ఎక్కడా చూడలేదనుకున్నాడు ఆర్కిటెక్టు.

గురువారం చావు పలకరింపుకి వెళ్ళినట్టు వెళ్ళాడు. ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ చెరో చివర నిలబడి ఉన్నారు. ఉండబట్టలేక ఆఖరిసారి బతిమాలాడు.

"ఇప్పటికైనా మించిపోయింది లేదు. మీరు ఊ అంటే సాయంత్రానికల్లా ఆ గోడ తీసేయిస్తాను."

"వద్దు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

ఇక చేసేది లేక వాళ్ళ వెనకాలే లోపలికి నడిచాడు. బల్ల వెనక గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని ఆ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఆనవాలు పట్టాడు.

"ఆ మధ్య ఇంటికి గోడల్లేవని కోర్టుకెక్కి విడాకులు తీసుకున్నది మీరిద్దరే కదూ, ఇంతకీ ఈ పెళ్ళికి సాక్షి ఎవరు?" అన్నాడు.