గేదె పెట్టిన నెమరు ముద్ద

కొట్టంలో తెల్లావు జబ్బుపడింది. మందులకు జ్వరం తగ్గింది గానీ, కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులు కూడా చచ్చిపోయాయి. నెమరు ఆగిపోయింది, పొట్ట బండలా బిగుసుకుంది.

పక్క గుంజకు కట్టేసిన ముసలి గేదె, తాను నెమరేస్తున్న ముద్దను ఆవు ముందు పెట్టింది. "మింగవే. నీలో చచ్చిన జీవులు ఇందులో బతికున్నాయి."

"ఛీ! గేదె ఎంగిలి నేను తినాలా?"

గేదెకు ఒళ్ళు మండింది. "తల్లి చచ్చిన దూడవై నా దగ్గర పాలు తాగావే, నా దూడ నోరు పెట్టిన పొదుగు కాదూ అది? అప్పుడు లేదా ఎంగిలి?"

ఆవు గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆవులన్నీ చూస్తున్నాయి."

"చూడనీ! రేపు నీ శవాన్ని ఈడ్చుకెళ్తుంటే కూడా ఇలాగే నిలబడి చూస్తాయి. నోరు తెరువు!"