ఏ రంగూ కాని రంగు

"సీట్లు మారడం కుదరదు," అన్నారు మాస్టారు. "కాగితం పాడైతే మాత్రం కిటికీ పక్కన ఆ ఖాళీ బల్ల దగ్గరికి రండి, కొత్తది ఇస్తాను. టైము ఎక్కువివ్వను."

అమ్మాయికి హాలు చివర మూల బల్ల వచ్చింది. కిటికీ వెలుగు అక్కడిదాకా రాదు. అందుకని ఆ బల్ల మీదికి ఒక పసుపుపచ్చ బల్బు వేలాడదీశారు.

బొమ్మల కాలేజీలో ఇంకా మిగిలింది ఒక్కటే సీటు. ఈ పరీక్ష దానికోసమే. అది రాకపోతే మామయ్య జిరాక్స్ షాపులో కూర్చోవాలి. అక్కడ ఉండేవి రెండే రంగులు, తెలుపూ నలుపూ.

"పక్కవాళ్ళ మాట చెవిన పెట్టకు," అని గేటు దగ్గర అమ్మ మరీ మరీ చెప్పింది. "ఒక్క సీటు కోసం ఎవరు ఏ గోతులు తవ్వుతారో తెలీదు."

పక్క బల్ల దగ్గర గళ్ళ చొక్కా మనిషి ఒకడు కూర్చున్నాడు. హాల్లో అందరికంటే పెద్దవాడు.

"ఏం బాబూ, మళ్ళీ వచ్చావా?" అన్నారు మాస్టారు అతని హాల్ టికెట్ చూసి. "వచ్చే ఏడాదికి వయసు దాటిపోతావు. ఇదే ఆఖరు."

"తెలుసు సార్," అన్నాడతను. చూపు మాత్రం మూల బల్బు మీదే ఉంది.

ఎరుపు, పసుపు, నీలం ఇచ్చారు. నలుపు ఇవ్వలేదు. ఆ మూడింటితోనే రంగుల చక్రం వెయ్యాలి. మధ్యలో గుండ్రంగా బూడిద రంగు నింపాలి. ఆ బూడిద ఏ రంగు వైపూ మొగ్గకూడదు.

చక్రం అమ్మాయికి మంచినీళ్ళ ప్రాయం. ఎరుపూ పసుపూ కలిపి నారింజ, పసుపూ నీలమూ కలిపి ఆకుపచ్చ, నీలమూ ఎరుపూ కలిపి ఊదా చకచకా వేసేసింది.

అసలు చిక్కు బూడిదతోనే. చక్రంలో ఎదురెదురు రంగులు తోడికోడళ్ళలాంటివి. పక్కపక్కన నిలబెడితే పోటీపడి మెరుస్తాయి, ఒకే గిన్నెలో వేస్తే రెండూ మసకబారతాయి. పాళ్ళు కుదిరితే ఆ మసకే బూడిద.

కలిపింది. ఎక్కడో పసుపు పొడ కనిపిస్తోంది.

ఒక చుక్క నీలం వేసింది. ఇంకా పసుపే. ఇంకో చుక్క వేసింది. ఇప్పుడు కుదిరింది.

"చెల్లెమ్మా," అన్నాడు గళ్ళ చొక్కా, గొంతు తగ్గించి. "అక్కణ్ణుంచి లేచి వెళ్ళు."

అమ్మాయి రంగు గిన్నెను దగ్గరికి లాక్కుంది.

"మీ పని మీరు చూసుకోండి."

"నా మాట విను. ఆ కాగితం చింపేసి కొత్తది అడుగు."

"నా కాగితం నేనెందుకు చింపుకుంటానండీ?"

"ఎందుకంటే ఆ..."

"ఏమిటా గుసగుసలు?" మాస్టారు బల్ల మీద చరిచారు. "ఇంకోసారి వినపడితే ఇద్దరూ బయటికే."

గళ్ళ చొక్కా తన కాగితం మీదికి వంగాడు.

అమ్మాయి కుంచె బూడిదలో ముంచింది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమైంది.

గళ్ళ చొక్కా నీళ్ళు మార్చుకోవడానికన్నట్టు లేచాడు. ఆమె బల్ల పక్కనుంచి వెళ్తూ, గ్లాసుడు మురికినీళ్ళూ చక్రం మీద కుమ్మరించాడు.

ఎరుపూ ఆకుపచ్చా కలిసి బల్ల అంచునుంచి కారాయి. అమ్మాయికి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

మాస్టారు పరుగున వచ్చారు.

"చెయ్యి తగిలింది సార్," అన్నాడు గళ్ళ చొక్కా.

"తగిలిందా, కావాలని చేశాడా?" మాస్టారు అమ్మాయిని అడిగారు. "నువ్వు చెప్పు."

"కావాలనే పోశాడు సార్. ఇందాకటినుంచీ కాగితం చింపుకోమంటున్నాడు."

మాస్టారు అతని కాగితం లాక్కున్నారు. సగం పూర్తయిన చక్రం ముత్యంలా ఉంది. దాన్ని మడిచి జేబులో కుక్కారు.

"నడువు బయటికి."

అతను బతిమాలలేదు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ అమ్మాయికి కిటికీ దగ్గర బల్ల ఇస్తారు కదా సార్?"

"అది నీకనవసరం."

కిటికీ దగ్గర అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. టైము తరుముకొస్తోంది. బూడిద అవే పాళ్ళతో కలిపితే ఎందుకో నీలంగా తేలింది. కంగారులో పాళ్ళు తప్పాయేమో అనుకుని, నీలం తగ్గించి మళ్ళీ కలిపింది. గంట మోగేసరికి ఆఖరి గీత పడింది.

సీటు ఆమెకే వచ్చింది. "దుర్మార్గుడు, చేతికందింది నోటికందకుండా చేయబోయాడు," అని అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది.

మొదటి క్లాసు అదే హాల్లో. మాస్టారు కిటికీలన్నీ మూసి, మూల బల్బు ఒక్కటే వేసి, అందరిచేతా బూడిద కలిపించారు. తర్వాత కిటికీలు తెరిచారు.

అందరి బూడిదా నీలమై కూర్చుంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

"పసుపు వెలుగులో అంతా పసుపు కొడుతుంది. దాన్ని చంపుదామని మీరు నీలం పోస్తూ పోతారు," అన్నారు మాస్టారు. "ముందు వెలుగు చూసుకోండి, తర్వాతే రంగు. ఇదే మొదటి పాఠం."

అమ్మాయి నవ్వలేదు.

"మాస్టారూ, మరి పరీక్షకి ఆ బల్బు కింద బల్ల ఎందుకు వేశారు?"

"చోటు చాలక. పోయినేడూ అక్కడే వేశాం." మాస్టారు ఒక కిటికీ రెక్కకు కొక్కెం తగిలిస్తున్నారు. "అప్పుడు అక్కడ కూర్చున్నవాడి చక్రం అందరికంటే బాగుంది. బూడిద ఒక్కటే నీలం కొట్టింది. దానికే సీటు పోయింది, పాపం."

"ఎవరతను?"

కొక్కెం మీద మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"నీ కాగితం మీద నీళ్ళు పోశాడని మనం బయటికి పంపించామే, ఆ గళ్ళ చొక్కా అబ్బాయి," అన్నారు మెల్లగా.