ఏడో ఇల్లు

లంకమల అడవిలో ఎర పెట్టెలు నింపడం నా ఉద్యోగం. పల్లెలు ఖాళీ అయ్యాక పిల్లులన్నీ అడవి పట్టాయి. ఇక్కడ తప్ప ఎక్కడా లేని కలివికోడి పిట్ట నేలమీద పెట్టే గుడ్లను బతకనివ్వడం లేదు. అలాంటి పిల్లి దగ్గరికొస్తే పెట్టె తెరుచుకుని విషం కలిపిన మాంసం ముక్కను జారవిడుస్తుంది. పెంపుడు పిల్లయితే దాని మెడపట్టీని గుర్తుపట్టి మూసుకునే ఉంటుంది.

మా నల్లపిల్లికి పట్టీ ఉంది. నెల కూడా నిండని దాని పిల్లలకు లేదు. వాటిని తెచ్చి ఊరి పక్కనున్న పెట్టె కిందే పెట్టింది. అందులో ఎర అయిపోయి, నేనింకా నింపలేదు కాబట్టి బతికాయి. కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. తెల్లారేసరికి మళ్ళీ అక్కడికే మోసుకుపోయింది.

"ఆ ఒక్క పెట్టె తీసెయ్ మే," అన్నాడు మా ఆయన.

"గుడ్లకు కాపలా నువ్వు పండుకుంటావా?" అన్నాను.

బియ్యం చెరుగుతున్న అత్త తలెత్తకుండానే అంది: "ఏడిండ్లు తిప్పందే తల్లిపిల్లి కుదురుకోదు. మన పల్లెలో మిగిలిండేది ఆరిండ్లే, అవన్నీ తిప్పేసింది. ఏడోదానికి యాడికి పోతాది?"

పెరట్లో ఖాళీగా ఉన్న కోళ్ళగూడు కడిగాను. పాత చీర పరిచి, గడపకు పసుపు రాసి, తలుపు మీద సుద్దతో ఏడు అంకె వేశాను.

"దానికి లెక్కలొచ్చని నీకెవరు జెప్పినారు?" అని మా ఆయన నవ్వాడు.

"ఆరు దాకా లెక్కబెట్టింది గదా, ఏడు రాదా?"

పిల్లలను తెచ్చి గూట్లో వదిలాను. తల్లి వచ్చి వాసన చూసి, లోపలికెళ్ళి పడుకుంది. ఇక వాటిని కదపలేదు. రెండు రోజులు చూసి, ఎర సంచి భుజానికి తగిలించుకుని ఆ పెట్టె నింపడానికి బయల్దేరాను.