క్యూ చీటీ

పొద్దున ఆరింటికల్లా వెనింగ్ నలభై పొట్లాలు కట్టి పక్కన పెట్టింది. పచ్చటి టేకాకు, పైన గుచ్చిన ఈనెపుల్ల. చూస్తేనే నోరూరేలా ఉన్నాయి. లోపల మాత్రం వడ్రంగి కొట్టు నుంచి తెచ్చిన రంపపు పొట్టు. చేతికి వెచ్చగా, బరువుగా తగలాలని దాన్ని వేణ్ణీళ్ళతో తడిపింది కూడా.

అసలైన అన్నం, వేరుశనగ పచ్చడి కలిపిన ఆకుకూరలు కుండల్లో వేరే ఉన్నాయి. అవి నిజం గిరాకీకి.

పిచ్చేం కాదు, వ్యాపారం. బ్లోరా, చెపు ఊళ్ళలో చిన్నచిన్న కొట్లు నడుపుకునే ఆడవాళ్ళంతా కలిసి ఒక చీటీ వేసుకున్నారు. అందులో డబ్బుండదు, జనం ఉంటారు. వారం వారం చీటీ తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళ కొట్టు ముందు మిగతావాళ్ళు వచ్చి క్యూ కట్టాలి. క్యూ చూసి ఆగని మనిషి జావాలో ఇంకా పుట్టలేదని చీటీ పెద్ద సుమర్ని నమ్మకం. సొంత ఊరివాళ్ళయితే ఇట్టే దొరికిపోతారు కాబట్టి చెపు కొట్టుకి బ్లోరా వాళ్ళు, బ్లోరా కొట్టుకి చెపు వాళ్ళు. వచ్చి, అందరిలాగే డబ్బిచ్చి, ఉత్తుత్తి పొట్లం పట్టుకుని, సందు మలుపు తిరిగి మాయమవ్వాలి. ఆ డబ్బు కొట్టావిడ సాయంత్రం సుమర్నికి తిరిగి ఇచ్చెయ్యాలి.

ముక్కూ మొహం తెలియని వాళ్ళని గుర్తుపట్టేదెలా? తలకి ఊదారంగు ముసుగు. ఇక్కడ నలుగురు ఆడవాళ్ళు ఒక జట్టయ్యారంటే ముందు ఒకే రంగు బట్ట తీసుకోవలసిందే. మిగతా సంగతులన్నీ ఆ తరవాతే.

ఈ వారం చీటీ బ్లోరాలో కొట్టున్న వెనింగ్ పేరున వచ్చింది. ఇవాళ ఆమె గట్టెక్కి తీరాలి. కొట్టులో సగం వాటా మరిది తర్జోది. "కుండ ఖాళీ అయిన రోజు ఒక్కటి చూపించు వదినా, నోరు మూసుకుంటా. లేదంటే నెలాఖరుకి ఖాళీ చెయ్, ఫోన్ల రిపేరు కొట్టు పెట్టుకుంటా" అని తేల్చేశాడు. నెలాఖరు ఎల్లుండే.

"మీవాళ్ళకి నటన వచ్చా అక్కా?" అని నిన్న ఫోన్లో అడిగింది వెనింగ్.

"మా చెపు ఆడవాళ్ళనే అనుమానిస్తావేమే? వాళ్ళ ముందు సినిమా వాళ్ళు కూడా దిగదుడుపే!" అంది సుమర్ని.

తొమ్మిది దాటాక సందు మలుపులో ఊదారంగు కనిపించింది. ఒకరా, ఇద్దరా? ముప్ఫై మంది ఉంటారు. వస్తూనే కొట్టు ముందు బారులు తీరారు. బల్ల మీద కునుకుతున్న తర్జో కళ్ళు నులుముకుని లేచాడు.

నటనంటే అదీ! ముందు నిలబడ్డావిడ "ఎండలో ఎంతసేపు నించోబెడతావమ్మా, త్వరగా కానీ" అని కసిరింది. వెనక ఇద్దరు నేను ముందంటే నేను ముందని తగువుకి దిగారు. ఇంకొకావిడ "మా ఆయనకీ, మా అత్తగారికీ" అంటూ మూడు పొట్లాలడిగింది. వెనింగ్ చిన్నగా కన్ను కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడి తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. ఔరా, అది కూడా నేర్పి పంపారు!

ఒక ముసలమ్మ పొట్లం అందుకుని వాసన చూసింది. "కారం ఎక్కువా తల్లీ? నాకు పడదు."

"ఒక్క రవ్వ కారం ఉండదు అవ్వా, నాదీ పూచీ" అంది వెనింగ్ నవ్వాపుకుంటూ.

"చాలా దూరం పోవాలి మేము. దారిలో తింటాం."

"నిదానంగా, బాగా నమిలి తిను అవ్వా!"

ముసలమ్మ మురిసిపోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండు. నీ కొట్టు పదికాలాలు నడవాలి" అని మనసారా దీవించింది. వెనింగ్ లోలోపల ఆ నటనకి దణ్ణం పెట్టుకుంది. ఎవరి కొట్టు కోసమో ఎవరైనా ఇంత ప్రాణం పెట్టి చేస్తారా?

సుమర్ని చెప్పినట్టే అయింది. క్యూ చూసి బ్యాంకు గుమస్తాలు ఆగారు. బడి పంతుళ్ళు ఆగారు. ఎదురు వీధి మంగలి కత్తెర పక్కన పడేసి మరీ వచ్చాడు. వాళ్ళందరికీ కుండలోంచి వేడివేడిగా కట్టిచ్చింది.

తర్జోకి ఆశ పుట్టింది. పక్కనున్న పొట్లాల మీద చెయ్యి వేశాడు. "నేనూ ఒకటి తింటా వదినా."

వెనింగ్ ఒక్క ఉరుకున వచ్చింది. గరిటెతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "గిరాకీ నోటి దగ్గర కూడు లాక్కుంటావా? సిగ్గులేదూ!"

తర్జో చెయ్యి రుద్దుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

పదకొండింటికల్లా కుండ అడుగు తేలింది. నలభై పొట్లాలూ పోయాయి. ఊదారంగు మలుపు తిరిగి ఎప్పుడో మాయమైంది. తర్జో కుండలోకి తొంగి చూశాడు. వంచి కూడా చూశాడు.

"ఓడిపోయా వదినా. కొట్టు నీదే. రేపట్నుంచి ఆకులు తుడిచిపెట్టే పని నాకిచ్చెయ్" అన్నాడు.

వెనింగ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ మాట ముందు సుమర్నికే చెప్పాలి. సంచీలోంచి ఫోను తీసి కలిపింది.

"అక్కా! నీ జట్టుని ఎంత మెచ్చుకున్నా తక్కువే! ఒక్కొక్కళ్ళూ..."

"ఎత్తిపొడవకే తల్లీ, పొద్దుటి నుంచీ ఎన్నిసార్లు చేసినా నువ్వు ఎత్తకపోతివి, వ్యాను చెడిపోయి ముప్ఫైమందిమీ ఇంకా చెపులోనే మెకానిక్ కొట్టు దగ్గర పడున్నాం!"