ఇంట్లో పిల్లి ఉంది

"తలుపు తీసిపెట్టి పొయ్యింది నువ్వే కదా పోలయ్యన్నా?"

రేవతి వీధి మధ్యలో మోపెడ్‌కు అడ్డంగా నిలబడింది. ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడుతోంది. కాళ్ళకు చెప్పుల్లేవు గానీ చేతిలో మాత్రం ఒక జత చెప్పులున్నాయి.

చేపల చిన్నపోలయ్య బ్రేకు వేశాడు. పొద్దున ఏడింటికి ఆమెకు చేపలిచ్చి, కత్తి కడుక్కోవడానికి ఇంట్లోకి పోయి చెంబెడు నీళ్ళు ముంచుకున్న మాట నిజమే. తర్వాత ఇంకో రెండు వీధులు తిరిగి, రేవుకు పోయి, రెండో విడత సరుకు తెచ్చుకుని ఇప్పుడే వస్తున్నాడు.

"చేతులు రెండూ చేపల నీళ్ళు గదమ్మా. మర్చిపోయినట్టుండా. ఏమైంది?"

"తలుపు మీద అంత పెద్దగా రాసిపెట్టినానే, చదవలేదా?"

చదివాడు. 'ఇంట్లో పిల్లి ఉంది. తలుపు వేయవలెను.' ఎనిమిది నెలలుగా రోజూ చదువుతూనే ఉన్నాడు. ఉన్న గడియ చాలదన్నట్టు, మనిషి చెయ్యెత్తితే గానీ అందనంత పైన ఇంకో గడియ బిగించారు ఆ తలుపుకు. పిల్లిని ఇట్టా కాపలా కాసే మనుషుల్ని తన సర్వీసులో చూడలేదని పోలయ్య పది ఇళ్ళల్లో చెప్పి నవ్వాడు కూడా. అతని చెవిన పడిన మాట, పెట్టెలో చేపలు అయిపోయేలోపు ఊరంతా తిరగాల్సిందే.

"పిల్లి పొయ్యిందా? అంతేనా! ఆకలైతే అదే వస్తాదిలే."

"రాదు! దానికి దారి తెలీదు. నేను స్నానం చేస్తా ఉండా. వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచుంది. మూడు గంటలైంది అన్నా. ఈ పక్క లారీలు, ఆ పక్క రొయ్యల గుంటలు. నాకేం తోచడం లేదు."

తప్పు తనదే కాబట్టి పోలయ్య బండికి స్టాండు వేసి వెంట నడిచాడు.

రేవతి గోడల మీద చూడలేదు, పొదల్లో చూడలేదు. తిన్నగా గుంటల గట్టు మీదికి పరిగెత్తి, ఏరేటర్ల చక్రాలు చిలుకుతున్న నీళ్ళలోకి వంగి వంగి చూసింది. మూడో గుంటలో పచ్చగా ఏదో తేలుతుంటే కెవ్వుమని అరిచింది. పోలయ్య కర్రతో లాగి చూశాడు. మేత సంచి.

"పిల్లి నీళ్ళలోకి దిగదమ్మా. ఏడవబాక."

ఆమె గట్టు మీదే కూలబడింది. "కళ్ళల్లో పెట్టుకుని కాచినా. ఒక్క పూట ఏమరితే ఇట్టా అయ్యింది. ఏమన్నా అయితే నేను బతకను."

పోలయ్యకు ఇప్పుడు నవ్వు రాలేదు. కడుపున పుట్టిన బిడ్డ తప్పిపోయినట్టు ఏడుస్తున్న మనిషిని చూసి ఎవరు మాత్రం నవ్వగలరు?

"నువ్వు రేవు నుంచే గదా వస్తా ఉండేది," అంది ఆమె ఉన్నట్టుండి. "అక్కడ ఏమన్నా కొత్తగా కనబడిందా?"

"రేవులో పిల్లులకేం కరువు? నూరుంటాయి, అందులో మీది ఏదని గుర్తుపట్టేది? అయినా పిల్లి మూడు కిలోమీటర్లు నడిచిపోతాదా?"

రేవతి గట్టు మీంచి లేచింది. "నన్ను అక్కడిదాకా తీసకపో."

"పెట్టె నిండుగా ఉంది తల్లీ, యాడ కూర్చుంటావు? పోయేటప్పుడైతే ఖాళీ. దారిలో బుట్టతో ఏ ఆడమనిషి కనబడినా ఎక్కించుకుంటా. వచ్చేటప్పుడు నాకే చోటుండదు." ఆమె మళ్ళీ ఏడుపందుకునే లోపే అన్నాడు. "ఉండు, నా కాడొక మంత్రముంది."

బండి దగ్గరికొచ్చి హారన్ కొట్టి, గొంతెత్తి కేక పెట్టాడు. "చేపలో... చేపలమ్మా చేపలూ!"

మంత్రం పారింది. ప్రహరీ దూకి రెండు పిల్లులు, సందులోంచి ఒకటి వచ్చాయి. రేవతి ఇంటి సన్‌షేడ్ మీది నుంచి, మెడలో ఎర్రదారంతో చారల పిల్లి ఒకటి ఒళ్ళు విరుచుకుంటూ దిగింది. పోలయ్య ఒక్క దూకున పట్టుకున్నాడు. అది చెయ్యంతా రక్తం వచ్చేట్టు గీరినా వదల్లేదు.

"దొరికిందమ్మా! ఇదిగో నీ పిల్లి!" అంటూ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

రేవతి దాని వంక చూడనైనా లేదు. చేతులు బిగించలేదు. పిల్లి జారి కిందికి దూకి, తోక ఎత్తుకుని రోడ్డున పడి నడిచింది.

"పట్టుకోమ్మా! మళ్ళీ పోతా ఉంది!"

"పోనీ."

పోలయ్య పిల్లి వెంట రెండడుగులు వేసి ఆగాడు.

"పిల్లి కాదన్నా." రేవతికి ఇక దాచే ఓపిక లేదు. "మా అమ్మ. కావలి పక్క పల్లె నుంచి తెచ్చి ఎనిమిది నెలలైంది. మతి లేదు. కన్నకూతుర్ని నన్నే ఎవరు నువ్వు అంటాది. నీకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే, ఊరికి తెలిస్తే పిచ్చిదని పేరు పెడతారు. అందుకే లోపలి గదిలో పెట్టి, తలుపు మీద పిల్లి అని రాసినా. నలభై ఏళ్ళు పడవల కాడ చేపలమ్మిన మనిషి. తెల్లారితే రేవుకు పోవాలంటాది. నీళ్ళు కనబడితే దిగిపోతాది. ఆకుపచ్చ చీర. చెప్పులు ఇంట్లోనే వదిలేసి పొయ్యింది, ఇవే; వంటింట్లో బుట్ట మాత్రం లేదు."

పోలయ్య గబగబా స్టాండు తీసి బండిని రేవు వైపు తిప్పాడు.

"ఆకుపచ్చ చీరా?" అన్నాడు. "పడవలొచ్చేసుంటాయి, బిరీన పోనీరా అబ్బయా అని బుట్ట పట్టుకున్న ముసలామె తొందర చేస్తే... నేనే గదమ్మా ఎక్కించుకుని పోయి సముద్రం ఒడ్డున దించొచ్చింది!"