పాట ఆగిన చోట

జొన్నచేని గట్టున రేగుపొదలో ఒక ముసలి పికిలిపిట్ట ఉండేది. రోజూ పొద్దున్నే అమ్మమ్మ నేర్పిన పాట పాడేది. ఆ పాటలో ఒకచోట కాసేపు ఆగాలి. ఎందుకని అడిగితే, "అమ్మమ్మ ఆగేది, నేనూ ఆగుతాను" అనేది.

ఒక ఏడు జొన్న కంకి వేసే వేళకు, చలిదేశాల నుంచి గులాబీ రంగు గోరింకల గుంపు చేలో దిగింది. పికిలి పుట్టాక అవి ఇటు రావడం అదే మొదలు. పికిలి పాడుతూ ఆగిందో లేదో, ఒక గోరింక అందుకుని పాడింది.

"మా పాటలో నీ గోలేమిటే?" అంటూ పొదలోని మిగతా పికిలిపిట్టలు దాన్ని పొడవబోయాయి.

గోరింక బెదిరిపోయి ముసలి పికిలి వైపు తిరిగింది. "కోప్పడకు పెద్దమ్మా. ఇది మా నాయనమ్మ పాట. ఇందులోనూ మధ్యలో ఆగుతాం, ఎందుకో మాకూ తెలీదు. నువ్వు ఆగేసరికి ఉండబట్టలేకపోయాను" అంది.

ముసలి పికిలికి అమ్మమ్మ కళ్లముందు మెదిలింది. పాటలో ఆగే చోటికి రాగానే ఆమె మెడ తిప్పి, ఎవరి కోసమో అన్నట్టు చేను వైపు చూసేది.

"దాన్ని వదలండర్రా" అంది పికిలి. "రా అమ్మాయ్, నా పక్కన కూర్చో. మొదట్నుంచీ పాడదాం."

ఒకరు ఆగిన చోట ఒకరు అందుకుంటూ ఇద్దరూ పాడారు. పాట అయ్యాక పికిలి మెడ తిప్పి చేను వైపు చూసింది.

"మా అమ్మమ్మ విన్న పూర్తి పాట ఇదే తల్లీ" అంది. "నేను ఇవాళే విన్నాను."