పిస్టన్ మీద గుంత

ఒక్క నిమిషం ఆగండి, ఇది విని వెళ్లండి.

రాఘవేందర్ మూడేళ్లు కూర్చుని ఒక పిస్టన్ తయారు చేశాడు. గొప్పంతా దాని తల మీద గుంతలోనే ఉంది. ఆ గుంతలో గాలి గిర్రున సుడి తిరుగుతుంది, డీజిల్ పూర్తిగా మండుతుంది, నల్లపొగ సగానికి పడిపోతుంది. కంప్యూటర్‌లో పడిపోయింది. ఇక కంపెనీ పరీక్షకిచ్చిన ఒక వ్యానులో పడిపోవాలి. పడితే, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు సరుకు మోసే కంపెనీ తన నలభై వ్యాన్లకూ ఇవే వేయిస్తుంది, అతనికి ఉద్యోగమూ ఇస్తుంది. పడకపోతే మూడేళ్లూ చెత్తబుట్టకే!

అంత గొప్ప వస్తువును ఆరాంఘర్‌లో మెకానిక్ శంకరయ్య రేకుల షెడ్డులో బిగించాలట. కంపెనీ బండ్లన్నీ అక్కడికే వస్తాయి మరి. శంకరయ్య బనియన్ నిండా, చేతుల నిండా గ్రీజు. ఆ చేతులతో తన పిస్టన్లను ముట్టుకుంటాడా, ఛీ!

"ఇంజను విప్పి సూసిన సారూ, ఒక ముచ్చట..." శంకరయ్య నసిగాడు.

"నీ ముచ్చట్లు నాకెందుకు? పిస్టన్ మీద గుంత ఎందుకుంటదో ఎరుకేనా నీకు?"

"ఎరుక లేదు సారు."

"మరి నోరెందుకు లేస్తది? చెప్పింది చెయ్. ఫోన్ గిట్ల చేసి సతాయించకు."

"గట్లనే సారు."

ఆ షెడ్డు వాసన పడక రాఘవేందర్ రెండు రోజులు అటు తొంగి కూడా చూడలేదు.

మూడో రోజు పొగ మీటరు పెట్టారు. మొన్న అరవై రెండు చూపించిన వ్యాను ఇవాళ ఇరవై తొమ్మిది చూపించింది. కంపెనీ మేనేజరు ప్రసన్నలక్ష్మి నమ్మలేక మళ్లీ పెట్టించింది. మళ్లీ ఇరవై తొమ్మిదే!

"నలభై బండ్లకూ ఆర్డర్ మీకే," అంటూ ఆమె కాగితాలు ముందుకు లాక్కుంది.

రాఘవేందర్ పక్కనే ఉన్న శంకరయ్యను ఎగాదిగా చూశాడు. "సూసినవా, సదువంటే గిది! నీ జన్మల సూసినవా గింత తక్కువ పొగ?"

"మస్తు సార్లు సూసిన సారు," శంకరయ్య గొంతు తగ్గించాడు. "మసి గీకి, ఇంజెక్టర్లు మంచిగ సెట్ జేస్తే ఏ బండికైనా గిట్లనే అస్తది. గీ ఇంజన్ల పిస్టన్ ఆడే బోరు ఎప్పుడో అరిగితే పెద్దగ చేపిచ్చినం, మీ పిస్టన్లు అండ్ల లొడలొడ ఆడినయి. ఫోన్ చెయ్యద్దంటిరి, ఇగ పాత పిస్టన్లే ఏసిన."

ప్రసన్నలక్ష్మి పెన్ను సంతకం దగ్గరికి వచ్చేసింది, ఆ మాట విన్నది రాఘవేందర్ ఒక్కడే, మీరైతే ఏం చేస్తారు?